ముక్కులో కల్లం

ఆ తలుపుకు అవతల, దయామణి ముక్కులోంచి కోసిన పెసరగింజంత ముక్క మైనం దిమ్మెలో కూర్చుని ఉంది. ఇవతల, మిగిలిన దయామణి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. పెళ్ళికి ముందు నుంచీ ఆమె ఆ తలుపుకు అవతలి మనిషే. ఎవరెవరి కడుపుల్లోంచో గొంతుల్లోంచో తీసిన ముక్కలను సీసాల్లోంచి ఎత్తి, కోసి, మైనంలో దింపి, ఉల్లిపొర కన్నా పల్చగా చీరి, అద్దం మీదికెక్కించి డాక్టరుకు అందించడం ఆమె ఉద్యోగం. ఈ బల్ల ఇంత గట్టిగా ఉంటుందని ఇన్నేళ్ళూ తెలియలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇక్కడ కూర్చున్నవాళ్ళు తన మొహంలో ఏదో రాసి ఉన్నట్టు ఎందుకలా చూసేవాళ్ళో కూడా తెలియలేదు. ఇందాక, తను పని నేర్పిన నాగజ్యోతి ట్రే పట్టుకుని బయటికి వచ్చి మళ్ళీ లోపలికి పోయినప్పుడు, దయామణి ఆ పిల్ల మొహం వంక అచ్చం అలాగే చూసింది. పిచ్చిదానా, ఇంకా రంగే వెయ్యలేదు, దానికేం తెలుస్తుంది అని తనను తానే తిట్టుకుంది. నాగజ్యోతి చెయ్యి మంచిది, ముక్క చిరగనివ్వదు. ఒక గంట ఓపిక పడితే, ముక్కులో ఉన్నది క్యాన్సరో కాదో తేలిపోతుంది.

పక్కన అమ్మ. వీరమ్మ కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తూ తీస్తూ, కబురు తెలియగానే లేచినది లేచినట్టే వచ్చేసింది. కుచ్చిళ్ళలో, రవిక చేతుల మడతల్లో, తల్లో నెరిసిన వెంట్రుకల మధ్య కూడా మిరప దుమ్మే. ఆవిడ వచ్చి కూలబడగానే బల్ల చివర కూర్చున్న పెద్దాయన తుమ్మాడు, మళ్ళీ తుమ్మాడు, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు. దారిన పోతున్న నర్సు తుమ్మి, తుమ్మినందుకు నవ్వుకుంటూ పోయింది. ఎదురుగా చంటిపిల్లను ఎత్తుకున్నావిడ, పిల్ల చిన్నగా తుమ్మేసరికి కంగారుపడి వరండా ఆ చివరికి నడిచింది. "చిరంజీవ, చిరంజీవ," అంది వీరమ్మ కూర్చున్న చోటు నుంచే, చేసింది తనే అయినా దీవెన మాత్రం ఎగ్గొట్టకుండా. ఆ దుమ్ము కొంగు దయామణి మోచేతికి ఆనుకునే ఉంది. దయామణికి మాత్రం ఏమీ కాలేదు. వాసన లేదు, మంట లేదు, ముక్కు చుర్రుమనడం కూడా లేదు. "పక్కకి జరిగి కూచోనా అమ్మాయ్? అందరూ తుమ్మి సస్తన్నారు," అంది వీరమ్మ. "నాకేం తెలవట్లేదమ్మా, కూచో," అంది దయామణి. వీరమ్మ కూతురి మొహంలోకి చూసి, కొంగు సర్దుకుంది.

అమ్మ తుమ్మదు. షెడ్డులో ఆడవాళ్ళెవరూ తుమ్మరు. తుమ్మడం, దగ్గడం కొత్తవాళ్ళ లక్షణం. ప్రత్తిపాడు పక్కన ఊళ్ళో ఉన్నప్పుడు, బడికి సెలవులిస్తే తనూ అమ్మ వెంట పనికి పోయేది. ఎర్రటి గుట్ట ముందు చతికిలబడి తొడిమ గిల్లిన మొదటిరోజే దగ్గి దగ్గి కళ్ళు వాచిపోయాయి. ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. "మిరపకాయల సీమలో పుట్టి ఘాటంటావేందే, రేపు అత్తగారింట్లో పోపెట్టా పెడతావు?" అన్నారు. అప్పుడు అమ్మ నేర్పింది, వాళ్ళమ్మ తనకు నేర్పినట్టే. ముక్కుపుటాలకు కొబ్బరినూనె రాసుకో, నూలుగుడ్డ తడిపి, పిండి, ముక్కుకీ మూతికీ కలిపి కట్టుకో, దుమ్మంతా గుడ్డకే పట్టుకుంటుంది. నిజంగానే పట్టుకునేది. సాయంత్రం గుడ్డ విప్పి జాడిస్తే నీళ్ళు ఎర్రగా దిగేవి. కొన్నాళ్ళకు దగ్గూ పోయింది, తుమ్మూ పోయింది, పెద్ద పరీక్ష పాసైనంత గర్వం వచ్చింది. నాన్న క్రీస్తుదాసు అదే షెడ్డు బయట టిక్కీల మూతులు కుట్టేవాడు. మిరపకాయలు కుక్కిన గోనెసంచిని గుంటూరులో టిక్కీ అంటారు. దబ్బనంలో పురికొస ఎక్కించి, రెండు అంచులూ కలిపి పట్టి, మాట్లాడుతూ మాట్లాడుతూనే కుట్టుకుపోయేవాడు. సంచి నోరు మూసుకుపోయేది. ఇక ఆ నోరు తెరవాలంటే పురికొస కోయాల్సిందే. నాన్న పోయి ఎన్నేళ్ళో అయింది, ఆ దబ్బనం ఇప్పుడెందుకు గుర్తొస్తోంది. ల్యాబు డాక్టరు ఆయేషా మేడమ్ ఎప్పుడో అన్న మాట వల్ల.

ల్యాబులో చేరిన కొత్తల్లో అడిగింది, ముక్కను ఫార్మలిన్లో వేస్తే కుళ్ళదెందుకు మేడమ్ అని. ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నీళ్ళలో కలిస్తే ఫార్మలిన్ అవుతుందని, నీళ్ళలో ఉన్నా అది ఒక చోట కుదురుగా ఉండదని, మూత తీస్తే చాలు గదిలోకి లేచిపోతుందని అప్పటికి పుస్తకంలో చదివింది, అంతే. డాక్టర్ ఆయేషా సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తకుండానే చెప్పింది. "కుట్టేస్తుంది దయామణీ. కణంలో ప్రొటీన్లు ఒక్క క్షణం ఊరుకోవు. ఒకదాన్నొకటి పట్టుకుంటూ, వదులుతూ, ఏదో ఒక పని చేస్తూనే ఉంటాయి. ఇది వెళ్ళి దీని చెయ్యి దానికి, దాని చెయ్యి ఇంకోదానికి కలిపి కుట్టేస్తుంది. ఇక ఎక్కడిది అక్కడే. కుళ్ళబెట్టేవాటి చేతులూ కట్టేసినట్టే." అని, లేచి, "రా, చూడు," అని కుర్చీ ఇచ్చింది. ఎవరిదో పేగు ముక్క. గులాబీరంగు నేల మీద నీలం చుక్కలు, బారులు బారులుగా, ఎవరో పనిగట్టుకుని నాటినట్టు. ఒకచోట ఒక కణం రెండుగా చీలుతూ చీలుతూ ఆగిపోయి ఉంది. లోపలి నీలం దారాలు సగం ఇటు, సగం అటు బయలుదేరి, మధ్యలో ఖాళీ. ఆ మనిషి ఎవరో, ఆ పూట ఏం తిన్నాడో, ఏ నొప్పికి మెలికలు తిరిగాడో, అతని లోపల మాత్రం ఎవరికీ చెప్పకుండా ఒకటి రెండవుతోంది. ఆ క్షణాన్ని పట్టుకుని ఆపేసింది సీసాలోని ఈ కన్నీళ్ళు తెప్పించే నీళ్ళే. ఆరోజు దయామణి ఇంటికి పోయి అన్నం తినలేకపోయింది. అసహ్యం వల్ల కాదు. ఒళ్ళంతా ఇంత పని జరుగుతుంటే తను ఉత్తినే కంచం ముందు కూర్చుని ఉన్నానని, కదిలితే ఏం చెదిరిపోతుందోనని.

అంత ఆశ్చర్యపోయిన మనిషికి ఒక్క సంగతి తట్టలేదు. సీసాలో ఉన్న ముక్కను కుట్టేది, సీసా మీదికి వంగిన ముక్కును ఊరికే వదులుతుందా అని. తట్టకపోవడానికి కారణం గుంటూరు. ఏలూరులోనో ఏలేశ్వరంలోనో పుట్టి ఉంటే మొదటి వారమే ముక్కు పట్టుకుని, ఈ గదిలో గాలి బాలేదు మొర్రో అని గోల చేసి ఉండేది. ఇక్కడ ముక్కు మండితే మిరప ఘాటు, గొంతు గీరితే మిరప ఘాటు, కళ్ళు నీళ్ళు కారితే సీజన్ వచ్చింది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే పరువు తక్కువ. అందుకని తను చిన్నప్పటి విద్యే ల్యాబులోకి తెచ్చింది. పుటాలకు కొబ్బరినూనె, మూతికి తడిగుడ్డ. మిరపది దుమ్ము, తడిగుడ్డకు అంటుకుని ఆగుతుంది. ఇది వాయువు, నీళ్ళంటే దీనికి ప్రాణం. పొద్దున కట్టుకున్న తడిగుడ్డలోకి దూరి, అక్కడే కాపురం పెట్టి, సాయంత్రం దాకా తీసిన ప్రతి ఊపిరిలోనూ ఇంత ఇంత చేతిలో పెట్టి పంపించేది. మాస్కులున్నాయి ల్యాబులో, వాటిలో ఊపిరాడదని గుడ్డే కట్టుకుంది. అది చాలదన్నట్టు ఆ ఫ్యాన్. మాఘం దాటి మిర్చి యార్డుకు లారీలు మొదలైతే ఈ వీధంతా ఘాటే. గదిలో గాలిని బయటికి తోసే ఫ్యాన్ ఒకటి గోడకు ఉండేది. అది ఆగినప్పుడల్లా దాని కంతలోంచి వీధి ఘాటు లోపలికి కొట్టేది. ఒకరోజు అందరికీ దగ్గు పట్టుకుంటే, దయామణే స్టూలెక్కి ఆ కంతకు అట్ట పెట్టి, చుట్టూ టేపు అంటించింది. ఏసీ చల్లదనం కూడా బయటికి పోకుండా నిలిచింది, అందరూ హాయిగా ఉందన్నారు. వీధి తలుపుకు గడియ పెట్టుకుని దొంగను ఇంట్లో నిద్రపుచ్చినట్టయింది వ్యవహారం. ఆ అట్ట కొన్ని సీజన్లు అలాగే ఉండిపోయింది.

లోపల గంట మోగింది. సన్నటి చప్పుడు, వరండాలో ఇంకెవరూ పట్టించుకోలేదు గానీ దయామణి ఒళ్ళు దానికి లేవబోయి మళ్ళీ కూర్చుంది. ముక్క నీలం రంగులోంచి లేచింది. ఇక కడుగుతుంది నాగజ్యోతి, కొళాయి కింద, నెమ్మదిగా. కడుగు తల్లీ, తొందరేం లేదు. తొందర లేదని అనుకుంది గానీ కాలి బొటనవేలు నేలను గీకుతూనే ఉంది. అమ్మ ఆ వేలు వంక చూస్తోంది. ఆమధ్య ముక్కులోంచి రక్తం పడింది చేతిరుమాల్లో, జలుబేమో అనుకుంది. అంతకన్నా ముందు పాల సంగతి. పొయ్యి మీద పాలు పెట్టి అక్కడే, గిన్నెకు జానెడు దూరంలో నిలబడి వంకాయలు కోసుకుంటోంది. వీధిలో ఆటో ఆపి మొగుడు జయపాల్ పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేశాడు. పాలు ఇంకిపోయి, గిన్నె అడుగు నల్లబడి, ఇల్లంతా పొగ. "ఏందే, ఈదంతా వాసనొస్తంటే నీకు రాలేదా?" అన్నాడు. రాలేదు. ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు, పరధ్యానం అని అబద్ధమాడింది. రాత్రి అతను పడుకున్నాక దిండు మీద, అతని చొక్కా మీద, తన చేతి మీద ముక్కు ఆనించి చూసుకుంది. పిల్లల తలలు వాసన చూసింది. ఏమీ లేదు. కడుపున పుట్టినవాళ్ళ తల వాసన కూడా పోగొట్టుకుని, అది ఎప్పుడు పోయిందో కూడా తెలియకుండా బతికేసిందన్న మాట. ఏడుపొచ్చింది, అతను లేస్తాడని దిండులో ముఖం దాచుకుంది.

ముక్కు చూసిన డాక్టరు, నెలన్నరకూ తగ్గకపోతే ముక్క తీద్దామని, అందాకా ల్యాబుకు వెళ్ళొద్దని కట్టడి చేసి ఇంట్లో కూర్చోబెట్టాడు. సంగతి విని ఆయేషా మేడమ్ గ్రాసింగ్ గదిలోకి, అదే, ముక్కలు కోసే గదిలోకి వచ్చి చుట్టూ చూసి, అట్ట కనబడగానే స్టూలు కూడా అడగకుండా బల్ల మీదికెక్కి పీకేసిందట. తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. కోపంగా ఉందేమో అనుకుంది దయామణి. కోపం లేదు, గొంతు మాత్రం బొంగురుపోయింది. "నేనూ ఆ గదిలోకి వస్తూ పోతూనే ఉన్నాను కదా, నా కళ్ళూ మండాయి కదా, నేనూ మిరపే అనుకున్నాను చూడు," అంది. తర్వాత చెప్పిన సంగతి దయామణి ఇప్పటికీ నెమరేసుకుంటూనే ఉంది. మిరపకాయ అబద్ధమాడుతుందట. ముక్కులో నరాల కొసల మీద వేడిని పసిగట్టే కాపలాదార్లుంటారు. మిరప ఘాటు వెళ్ళి ఆ కాపలాదారును గిల్లుతుంది, వాడు నిప్పో నిప్పని అరుస్తాడు, కళ్ళు ముక్కు నీళ్ళు కారతాయి. తీరా చూస్తే నిప్పూ లేదు, కాలిందీ లేదు. ఫార్మాల్డిహైడ్ వచ్చినప్పుడు పక్కనే ఉన్న ఇంకో కాపలాదారు అరుస్తాడు. అరుపు మాత్రం అదే నరం మీద, అదే మంట, అదే కన్నీరు. వాడు అరిచింది నిజం. లోపల కుట్లు పడుతున్నాయి. చిన్నప్పటి నుంచీ అబద్ధపు కేకలకు అలవాటు పడ్డ ఊరికి నిజం కేక ఏది వినబడుతుంది! పైగా వాళ్ళను నోరుమూసుకోమని దబాయించడమే గొప్పని నేర్పి పెంచారు. రోజూ అరిచి అరిచి, పట్టించుకునేవాళ్ళు లేక, చివరికి ఆ కాపలాదార్లు కూడా సొమ్మసిల్లారు. తన లోపల తన కోసం కొందరు అన్నేళ్ళు అరిచారని తెలిసినప్పుడు దయామణికి భయం కన్నా ముందు సిగ్గేసింది, ఆ తర్వాత వాళ్ళ మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

"ఇంకా ఎంతసేపంట?" అంది వీరమ్మ. "ఇంకో రంగేసి, అద్దం మూత పెట్టాలమ్మా." "రంగులెందుకు?" "కణాలకు రంగుండదు, నీళ్ళలాగా ఉంటాయి. రంగేస్తేనే కనపడతాయి." వీరమ్మ తనలో తాను అన్నట్టు, "ఆ గుడ్డ నేనే కట్టుకోమన్నా," అంది. దయామణి తల తిప్పి చూసింది. అమ్మ అటు గోడ వైపు చూస్తోంది, చేతివేళ్ళు ఒళ్ళో ఉత్తి గాల్లో తొడిమ గిల్లుతున్నట్టు కదులుతున్నాయి. "మిరపకాయలకి కట్టుకోమన్నావు. దీనికి కట్టుకోమన్నావా ఏంది? ఊరుకో," అంది దయామణి. వేళ్ళు ఆగాయి గానీ అమ్మ గోడ మీంచి చూపు మరల్చలేదు.

కుట్టు. బతికున్న కణంలో కుట్టు పడితే ఏమవుతుందో తెలుసు ఆమెకు. లోపల నీలంగా కనబడేది పొడవాటి నిచ్చెన లాంటి దారం, మనిషిని మనిషిగా కట్టే కొలతలన్నీ అందులోనే. కణం రెండవ్వాలంటే ఆ జంట దారం నోరు తెరుచుకోవాలి. ఇది వెళ్ళి ఆ దారానికి ప్రొటీన్లను కలిపి కుట్టేస్తే, నాన్న కుట్టిన టిక్కీ లాగా, నోరు తెరుచుకోదు. బలవంతాన తెరిస్తే ఎక్కడో చిరుగుతుంది, అతుకు తప్పు పడుతుంది, ఆ తప్పు పిల్లకణానికీ దాని పిల్లకూ పోతుంది. ఏళ్ళు గడిచాక అలాంటి వాటిలో ఏదో ఒకటి మాట వినడం మానేస్తుంది. ముక్కులో, ముక్కు వెనక గొంతు మొదట్లో. రక్తం పుట్టే మూలుగకు కూడా ముప్పుందంటారు. ఇదంతా నాగజ్యోతికీ ఇతర పిల్లలకూ తనే పాఠంలా చెప్పింది కూడా, తడిగుడ్డ కట్టుకుని. కొరివితో తల గోక్కుంటూ నిప్పు గురించి ఉపన్యాసం. నవ్వొచ్చింది, ఈ బల్ల మీద కూర్చుని నవ్వడం బాగోదని ఆపుకుంది. కానీ మేడమ్ ఫోన్లో చివర చెప్పింది ఒకటుంది, దాన్ని పట్టుకునే నెలన్నరగా నిద్రపోతోంది. ఆ ఫార్మాల్డిహైడ్ బయటి నుంచే రాదట. మనం ఊరికే బతికున్నందుకే ప్రతి కణంలో రవ్వంత పుడుతూనే ఉంటుందట, పొయ్యి వెలిగే ఇంట్లో బూడిద పుట్టినట్టు. మేడమ్ నెత్తుట్లో ఉంది, అమ్మ నెత్తుట్లో ఉంది, ఆ చంటిపిల్ల ఒంట్లోనూ ఉంది. పుట్టింది పుట్టినట్టే పట్టుకుని విరగ్గొట్టి పనికొచ్చే సరుకుగా మార్చే పనివాళ్ళు కణం కణంలో ఉన్నారు. వాళ్ళ చెయ్యి దాటి ఎక్కడైనా కుట్టు పడితే, వెతికి, ఆ కుట్టు కోసి, చిరుగు అతికే ఇంకో జట్టు ఉంది. పగలూ రాత్రీ, కూలీ నాలీ లేదు, ఆదివారం ఆరాధన వేళ కూడా సెలవు లేదు. మనుషులు లేనప్పుడు, పశువులు లేనప్పుడు, కంటికి కనబడని ప్రాణులు మాత్రమే ఉన్న కాలం నుంచీ ఈ పని నడుస్తోందట. తను తడిగుడ్డ కట్టుకుని వాళ్ళ మీదికి రోజుకు ఇంత విషం తోలుతుంటే, అమ్మా ఇక మా వల్ల కాదు అనకుండా, ఎన్ని కుట్లు విప్పారో, ఎన్ని చిరుగులు అతికారో, దయామణి లోపలే ఉండి దయామణికి తెలియకుండా. ప్రభువా, అనుకుంది, ఇంత పెద్ద ఊరిని నా లోపల పెట్టి, నాకు ఒక్క పేరే ఇచ్చావు. అంతకు మించి ప్రార్థన సాగలేదు. బాగుచెయ్యమని అడగడానికి కూడా ఎందుకో మొహమాటంగా ఉంది, ఇంత చేస్తున్నవాళ్ళను ఇంకా చెయ్యమన్నట్టు.

తలుపు తెరుచుకుంది. "దయామణీ, రా," అంది ఆయేషా మేడమ్. నవ్వలేదు, మొహం ముడుచుకోనూ లేదు. ఆ మొహం దయామణికి తెలుసు, ఇంకా చెప్పని ఫలితం ఉన్న మొహం. లేచి వెనకే వెళ్ళింది. గదిలో గోడకు ఫ్యాన్ రివ్వున తిరుగుతోంది, కంత తెరిచే ఉంది. ఇద్దరూ ఒకేసారి చూసే సూక్ష్మదర్శిని దగ్గర మేడమ్ ఒక పక్క, తను ఇంకో పక్క. "ముందే చెప్పేస్తున్నాను, క్యాన్సర్ కాదు," అంది మేడమ్. దయామణి ఆ మాట విన్నది గానీ అది లోపలికి దిగడానికి దారి తెలియక చెవి దగ్గరే నిలబడిపోయింది. "అయితే ఒకచోట కణాలు కాస్త దారి తప్పినట్టున్నాయి. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చూడాలి, ఆ పైన కూడా చూస్తూ ఉండాలి. ఈ గదిలో పని ఇక లేదు నీకు. స్లైడ్లు చదవడం నేర్పిస్తాను, నా పక్కన కూర్చుందువు గాని. ఇప్పుడు చూడు." చూసింది. ముక్కు లోపలి పొర మీద నూగు ఉండాలి, గాలికి వరిచేను ఊగినట్టు ఊగుతూ దుమ్మునూ చీమిడినీ బయటికి ఊడ్చే నూగు. ఎంతమంది ముక్కుల్లో చూసిందో. తన ముక్కులో అది లేదు. నూగు కణాల చోట చదును కణాలు, ఒకదాని మీద ఒకటి, అణిగి, గట్టిపడి, అరికాలి చర్మంలా. ఇది చూసింది, ఎప్పుడో, ఎక్కడో, ఇదే, కల్లం. మిరపకోతలకు ముందు రైతు చేలో ఒక ముక్క చదును చేసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి కొట్టి రాయిలా చేస్తాడు, కాయలు ఎండబెట్టడానికి. మొలక కూడా రాని నేల. తన కణాలు బతకడం కోసం పచ్చని చేనును కల్లం చేసుకున్నాయి. చావడం చేతకాక కాదు, ఇవతల మనిషి బతకాలని. "ఇటు చూడు, ఈ అంచుకు," అని మేడమ్ స్లైడును రవ్వంత జరిపింది. కల్లం అంచున, అడుగు వరసలో, ఒక నీలం కణం రెండుగా చీలుతూ ఆగి ఉంది. దారాలు సగం ఇటు, సగం అటు. దాని పైన, చదును తగ్గిన చోట, కొద్దిమేర, సన్నగా, గులాబీరంగులో, నూగు. ఈ నెలన్నరలో వచ్చిన నూగు. తనను పాడుచేసిన నీళ్ళే తను బాగవుతున్న క్షణాన్ని పట్టి ఆపి, ఇదుగో చూసుకో అని చేతికిచ్చాయి. దయామణి కన్ను తీయలేకపోయింది. కన్నీళ్ళు కటకం మీద పడి అంతా మసకబారింది. మేడమ్ కటకం తుడిచే కాగితం ఆమె చేతిలో పెట్టింది.

వరండాలోకి వచ్చేసరికి వీరమ్మ నిలబడే ఉంది, ఎప్పటి నుంచి నిలబడిందో. "ఏమందమ్మా డాక్టరమ్మ?" "క్యాన్సర్ కాదమ్మా." వీరమ్మ రెండు చేతులూ పైకెత్తి, ప్రభువు పేరు తలుచుకోబోయి, కూతురి కళ్ళు చూసి మధ్యలో ఆగిపోయింది. "మరేడుస్తన్నావేందే?" ఎలా చెప్పాలి. అమ్మకు అర్థమయ్యే మాట ఒకటే ఉంది, అది తనకూ ఇప్పుడే దొరికింది. "ముక్కులోపల చేనంతా కల్లమైపోయిందమ్మా. దిమ్మిస కొట్టినట్టు గట్టిపడిపోయింది." వీరమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "అయితే ఏంది? కాయలెత్తాక, వానలు పడితే, కల్లాన్ని దున్నుకోవట్లా ఏటా?" అంది. "ఆఁ, అంచున మొలకొచ్చింది. చూశా." "నువ్వే చూశావా?" "నేనే చూశా." అప్పటికి గాని ఆ మాట, చెవి దగ్గర నిలబడ్డ మాట, లోపలికి దిగలేదు. బల్ల మీద కూలబడింది. వీరమ్మ పక్కన కూర్చుని, ఎన్నాళ్ళకో, దయామణి తలను లాగి తన భుజాన ఆనించుకుంది, పెద్దదైపోయిందని కూడా చూడకుండా. ఆ భుజం మీద, ఆ రవిక మడతల్లో, షెడ్డు, ఎర్రటి గుట్టలు, నాన్న కుట్టిన టిక్కీలు. వాసన తెలియలేదు. వాసన ఇంకా ఎన్నాళ్ళకు వస్తుందో, అసలు వస్తుందో రాదో మేడమ్ కూడా చెప్పలేనంది. పోనీ, కళ్ళు మూసుకుని ఊరుకుంది. ఊపిరి తీసింది, విడిచింది, తీసింది. ముక్కులో కుడివైపున, ఎక్కడో లోతున, చీమ కాలంత సన్నగా ఏదో కదిలింది. ఏమిటది అనుకునేలోపు చురుక్కుమంది. కళ్ళు చెమర్చాయి, నోరు దానంతటదే తెరుచుకుంది, గుండెల నిండా గాలి ఎగబడి నిండింది, ఒళ్ళంతా ఒక్కసారి ఆగింది, లోపల ఎవరో ఎంతో కాలానికి మేలుకుని గట్టిగా కేకేశారు, దయామణి తుమ్మింది.

వరండా అంతా అదిరేలా తుమ్మింది. బల్ల చివర పెద్దాయన ఉలిక్కిపడి కండువా జారవిడిచాడు. వీరమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కూతురు తుమ్మగా ఆఖరుసారి ఎప్పుడు విన్నదో ఆవిడకు గుర్తు లేదు, షెడ్డులో మొదటిరోజో, అంతకు ముందో. ముక్కు ఎర్రబడి, కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతూ, దయామణి నవ్వుతోంది, మంటగా ఉందమ్మా, మండుతోంది అంటూ. ఆ చెయ్యి మెల్లగా దిగి, మిరప దుమ్ముతోనే, ఆమె నడినెత్తి మీద ఆనింది.

"చిరంజీవ," అంది వీరమ్మ.